పళ్ళకు క్లిప్పులు వేసుకున్నవారు నోటిని ఎలా కాపాడుకోవాలి?



ఎత్తుపళ్ళు, వంకరపళ్ళు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన పళ్ళు సరిచేయించుకోవడానికి క్లిప్పులు వేయించుకునే పిల్లలు ఇప్పుడు పల్లెల్లో కూడా కనిపిస్తున్నారు. మా చిన్నతనంలో పళ్ళు ఎత్తుగా ఉంటే అది పుట్టుకతో వచ్చిన పోలిక అనుకుని ఊరుకునేవారు. ఇప్పుడు తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి అయినా వైద్యం చేయిస్తున్నారు. ఇది మంచి మార్పే.

అయితే క్లిప్పులు వేయించడానికి ముందు అందరూ అడిగే ప్రశ్నలు మూడే. ఎంత ఖర్చవుతుంది? ఎన్నాళ్ళు పడుతుంది? నొప్పి పుడుతుందా? క్లిప్పులు ఉన్నన్నాళ్ళూ పళ్ళు ఎలా తోముకోవాలి అని అడిగేవారు చాలా అరుదు. చాలామందికి ఈ వైద్యం ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. అందులో డాక్టరుగారి కుర్చీలో గడిపేది నాలుగైదు వారాలకు ఒకసారి, అదీ కొద్ది నిమిషాలు. మిగతా కాలమంతా ఆ నోరు మీ ఇంట్లోనే ఉంటుంది. పళ్ళను వరుసలోకి తెచ్చే పని తీగది, డాక్టరుది. ఆ పళ్ళు పాడుకాకుండా చూసే పని మాత్రం పూర్తిగా మీది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, ఆ మధ్య డిగ్రీ చదివే ఒక అమ్మాయిని తల్లి మా దగ్గరికి తీసుకొచ్చింది. వేరే ఊళ్ళో రెండేళ్ళు వైద్యం చేయించుకుని అప్పుడే క్లిప్పులు తీయించుకుంది. పళ్ళు చక్కగా వరుసలోకి వచ్చాయి. కానీ పై వరుస ముందు పళ్ళు నాలుగింటి మీదా, క్లిప్పు అంటించిన చోటు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లని మచ్చలు. మధ్యలో చదరంగా కాస్త పన్ను మాత్రం మామూలు రంగులో ఉంది. రెండేళ్ళు నవ్వితే తీగలు కనిపిస్తాయని నోరు మూసుకున్న పిల్ల, ఇప్పుడు మచ్చలు కనిపిస్తాయని మూసుకుంటోంది. “క్లిప్పులు అంటించిన మందు వల్ల ఇలా అయిందా సిస్టరమ్మా?” అని తల్లి అడిగింది.

కాదు. ఆ మందు ఉన్న చోటే పన్ను శుభ్రంగా మిగిలింది. దాని చుట్టూ తోమకుండా వదిలేసిన చోటే మచ్చ పడింది.

ఈ మచ్చలు ఎలా వస్తాయి?

పళ్ళ మీద ఎప్పుడూ మెత్తగా, జిగటగా పేరుకునే పొరను పాచి అంటాం. అది మిగిలిపోయిన అన్నం మెతుకు కాదు. కోట్లాది సూక్ష్మక్రిములు కాపురం ఉండే పొర. మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని ఆ క్రిములు కూడా తిని పుల్లని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైనుండే గట్టి పింగాణీ పొరలోంచి సున్నపు అంశాన్ని కరిగిస్తుంది. మనం తినడం ఆపాక కూడా దాదాపు అరగంట ఈ పని సాగుతుంది. పాచి దట్టంగా ఉంటే ఇంకా ఎక్కువసేపు సాగుతుంది. తర్వాత లాలాజలం ఆ పులుపును విరిచి, పోయిన సున్నాన్ని మెల్లగా తిరిగి చేరుస్తుంది.

మామూలు నోట్లో నాలుక, పెదవులు, బుగ్గలు పళ్ళను రాసుకుంటూ కొంతవరకు శుభ్రం చేస్తుంటాయి. క్లిప్పులు వేశాక ఆ రాపిడి పంటికి తగలదు. తీగ కింద, క్లిప్పు అంచుల దగ్గర, క్లిప్పుకూ చిగురుకూ మధ్యనున్న సన్నని జాగాలో పాచి హాయిగా దాక్కుంటుంది. అక్కడ లాలాజలానికి కూడా దారి తక్కువే. అందుకే ఆ జాగాలోనే పింగాణీ పొర గుల్లబారి సుద్దముక్కలా తెల్లబడుతుంది. పుచ్చుకు ఇది తొలి మెట్టు. దీనికి ఏళ్ళు పట్టవు, సరిగా తోమకపోతే నెల రోజుల్లోనే కంటికి కనిపించే మచ్చ పడగలదు. నొప్పి ఉండదు. క్లిప్పు చాటున ఉంటుంది కనుక తల్లికీ కనిపించదు. తీసేసిన రోజున అందరికీ కనిపిస్తుంది.

క్లిప్పులు అంటించేముందు పంటి మీద ఒక ఆమ్లం మందు రాస్తారన్నది నిజమే. ఈ పద్ధతిని అమెరికాలో మైఖేల్ బ్యునొకోర్ అనే దంతవైద్యుడు 1955లో తెలియజేశారు. అంతకుముందు ప్రతి పంటి చుట్టూ లోహపు పట్టీ తొడగవలసి వచ్చేది. డాక్టరు రాసే మందును కొన్ని సెకన్లు మాత్రమే ఉంచి కడిగేస్తారు, దాని మీద జిగురు పరిచేస్తారు. రోజుల తరబడి పంటిని తినేది ఆ మందు కాదు, మనం వదిలేసిన పాచి.

మచ్చ పడ్డాక పోతుందా? క్లిప్పులు తీశాక కొన్ని నెలల్లో లాలాజలం వల్ల, ఫ్లోరైడు వల్ల కొన్ని మచ్చలు పలచబడతాయి. లోతుగా పడినవి చాలావరకు జీవితాంతం ఉండిపోతాయి. వాటిని కప్పిపుచ్చే వైద్యాలు ఉన్నాయి గాని అవి మళ్ళీ ఖర్చే. గట్టిగా రుద్దితేనో, బొగ్గుపొడితోనో, నిమ్మకాయ, వంటసోడాలతోనో పోగొట్టాలని చూడకండి. మచ్చ అలాగే ఉంటుంది, పన్ను మాత్రం అరుగుతుంది.

తోముకునే తీరు

క్లిప్పులున్నవారు ప్రతిసారీ తిన్నాక తోముకోగలిగితే మేలు. కుదరకపోతే పొద్దున, రాత్రి తప్పనిసరి. మధ్యాహ్నం బడిలో కనీసం నీళ్ళు నోట్లో పోసుకుని గట్టిగా పుక్కిలించి ఉమ్మేయాలి. రోజులో ఒక్కసారే శ్రద్ధగా తోమే ఓపిక ఉందంటే, అది రాత్రి పడుకోబోయే ముందు కావాలి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కనుక పాచికి రాత్రంతా అడ్డూ అదుపూ ఉండదు. మన ఇళ్ళలో పొద్దున పళ్ళు తోమకుండా కాఫీ కూడా ఇవ్వరు. రాత్రి మాత్రం అన్నం తిని, పాలు తాగి అలాగే పడుకుంటారు. క్లిప్పులున్న పిల్లల విషయంలో ఈ అలవాటును తిరగేయాల్సిందే.

మెత్తని కుచ్చున్న చిన్న తల బ్రష్షు చాలు. ముందు నీళ్ళతో బాగా పుక్కిలిస్తే తీగలో ఇరుక్కున్న పెద్ద తునకలు పోతాయి. తర్వాత అద్దం ముందు నిలబడండి, అద్దం లేకుండా ఈ పని కాదు. బ్రష్షును చిగురు వైపు ఏటవాలుగా పట్టి, చిగురుకూ క్లిప్పుకూ మధ్యనున్న జాగాలో చిన్నచిన్నగా కదపాలి. ఒక్కొక్క పన్ను దగ్గర పది లెక్కపెట్టేంత సేపు ఉండండి. తర్వాత బ్రష్షును అవతలి వైపు నుంచి ఏటవాలుగా పట్టి క్లిప్పు రెండో అంచును, తీగ అడుగును తోమాలి. అంటే పై పళ్ళకు క్లిప్పు పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి. కింది పళ్ళకూ అంతే. ఆ తర్వాత నమిలే భాగం, లోపలి వైపు, చివరిగా నాలుక. దవడపళ్ళకు వేసిన లోహపు పట్టీల వెనుక భాగాన్ని దాదాపు అందరూ మరచిపోతారు, అక్కడ ఆగండి. మొత్తం కలిపి రాత్రిపూట ఐదు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో అయిపోయిందంటే ఏదో ఒక వైపు వదిలేశారన్నమాటే.

తీగ కింద దూర్చి శుభ్రం చేసేందుకు చిన్న క్రిస్మస్ చెట్టు ఆకారంలో ఉండే సన్నని బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. పళ్ళ సందుల బ్రష్షు అని అడగండి. కడిగి మళ్ళీ కొన్నాళ్ళు వాడుకోవచ్చు. దాన్ని తీగ వెనక నిలువుగా దూర్చి, క్లిప్పు పక్క గోడను రుద్దాలి. పళ్ళ మధ్య దారం వాడమని డాక్టరు చెబితే, తీగ కిందుగా దారం ఎక్కించే ప్లాస్టిక్ సూది లాంటిది కూడా వస్తుంది. ఇది ఓపికతో చేసే పని. చిన్న పిల్లలకు చేతకాదు, తల్లి సాయం చేయాలి. పిన్నులు, అగ్గిపుల్లలు, వెదురు పుల్లలు పెట్టి కెలకవద్దు.

తోమడం అయ్యాక నురగను ఉమ్మేయండి. వెంటనే చెంబెడు నీళ్ళతో కడిగేయకండి. పేస్టులోని ఫ్లోరైడు కాసేపు పళ్ళ మీద ఉంటేనే దాని పని అది చేస్తుంది.

మామూలుగా బ్రష్షును మూడు నెలలకు మారుస్తాం. తీగలకు రాసుకుంటుంది కనుక క్లిప్పులున్నవారి బ్రష్షు అంతకంటే ముందే చెడిపోతుంది. కుచ్చు పువ్వులా విచ్చుకుంటే నెలకైనా సరే మార్చేయండి.

వేపపుల్ల సంగతి చాలామంది పెద్దలు అడుగుతారు. క్లిప్పులు లేనివారు నమిలి మెత్తగా చేసుకుని తోముకుంటే అది వేరే మాట. పుల్లను కొరికి నమిలే ఒత్తిడికి క్లిప్పులు ఊడిపోతాయి. పైగా దాని కుచ్చు తీగ కిందికి వెళ్ళదు. పళ్ళపొడి, ఉప్పు, ఇటుకపొడి వద్దు. పొగాకు కలిపిన పళ్ళపొడులు, పేస్టులు మన దేశంలో 1992లోనే నిషేధించారు. అయినా కొందరు నస్యంతో పళ్ళు తోముకోవడం మేము ఇంకా చూస్తున్నాం. ఇంట్లో పెద్దవారికి ఆ అలవాటుంటే ఆ డబ్బా పిల్లలకు అందకుండా చూడండి.

రక్తం వస్తోందని తోమడం మానేయవద్దు

మేము ఎక్కువసార్లు సరిదిద్దవలసి వచ్చే పొరపాటు ఇదే. “చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది, అందుకని వారం నుంచి వేలితోనే తోముకోమన్నాను” అని తల్లులు చెబుతారు. ప్రేమతో చేసిన పనే గాని ఫలితం తలకిందులు. క్లిప్పులున్న పిల్లలకు రక్తం వచ్చేది చాలావరకు పాచి పేరుకుని చిగురు వాచడం వల్ల. తోమడం ఆపితే పాచి ఇంకా పెరుగుతుంది, చిగురు ఇంకా వాస్తుంది. కొన్నాళ్ళకు చిగురు ఉబ్బి క్లిప్పు మీదికి పాకుతుంది. అప్పుడు అక్కడికి బ్రష్షు పోదు. ఆ వాపు తగ్గేవరకు డాక్టరుగారు తీగ బిగించడం ఆపేస్తారు, వైద్యం నెలలకు నెలలు వెనక్కి పోతుంది. ఎంతకీ శుభ్రం లేకపోతే క్లిప్పులు మధ్యలోనే తీసేయవలసి వస్తుంది కూడా.

కాబట్టి రక్తం వచ్చే చోటే మెత్తని బ్రష్షుతో, నెమ్మదిగా, ఇంకాస్త ఎక్కువసేపు తోమండి. వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే, లేదా తోమకుండానే రక్తం కారుతుంటే, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తుంటే, జ్వరం, నీరసం ఉంటే దంతవైద్యుడితో పాటు ఫిజీషియన్‌కు కూడా చూపించండి. అలాంటప్పుడు కారణం నోట్లో కాక రక్తంలో ఉండవచ్చు.

వారానికి ఒకసారి పిల్లల పెదవి పైకెత్తి మీరే చూడండి. చిగురు లేత గులాబీ రంగులో, పంటికి అంటుకుని, బిగుతుగా ఉంటే సంతోషం. ఎర్రగా, మెరుస్తూ, ఉబ్బి ఉంటే రాత్రి తోమడం లేదని అర్థం. అడిగితే తోమాననే చెబుతారు. అడగడం కంటే చూడడం మంచిది. తోమిన తర్వాత పాచి ఎక్కడ మిగిలిందో ఎర్రగా చూపించే రంగుమందు ఒకటి ఉంది. డాక్టరుగారిని అడిగితే ఒకసారి పూసి అద్దంలో చూపిస్తారు. వంద మాటలు వినని పిల్ల కూడా ఆ ఎరుపు చూశాక తనంతట తానే బ్రష్షు పట్టుకోవడం మేము చూశాం.

హాస్టల్లో ఉన్నవారికి

పదో తరగతి అయిన వేసవిలో క్లిప్పులు వేయించి, జూన్‌లో పిల్లను ఇంటర్మీడియట్ హాస్టల్లో చేర్పించడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలైంది. మా దగ్గరికి పాడైన నోళ్ళతో వచ్చేవారిలో వీళ్ళు ఎక్కువ. పిల్లలది తప్పనలేం. తెల్లవారకముందే లేపుతారు, కుళాయిల దగ్గర వరుస, పది నిమిషాల్లో స్నానంతో సహా అన్నీ కావాలి. రాత్రి స్టడీ అవర్ ముగిసేసరికి కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇంటి నుంచి పంపిన డబ్బాలో జంతికలు, బిస్కెట్లు చదువుతూ నములుతుంటారు. ఆ పిండి తీగ వెనక రాత్రంతా నానుతుంది.

వీలుంటే హాస్టల్లో చేరాక కాదు, చేరడానికి కనీసం రెండు మూడు నెలల ముందే క్లిప్పులు వేయించండి. తోముకునే అలవాటు ఇంట్లో, మీ కళ్ళ ముందు పడాలి. హాస్టల్ పెట్టెలో చిన్న అద్దం, రెండు మామూలు బ్రష్షులు, సందుల బ్రష్షులు, పేస్టు, మైనం డబ్బా పెట్టండి. కుళాయి దగ్గర జాగా లేకపోతే మంచం మీద కూర్చుని మగ్గులో ఉమ్ముకుంటూ తోముకోవచ్చు, తోమడానికి నీళ్ళు ఎక్కువ అక్కర్లేదని చెప్పాం కదా. స్టడీ అవర్ ముగిశాక కాదు, రాత్రి భోజనం కాగానే తోమేసి, ఇక నీళ్ళు తప్ప ఏమీ తినకూడదని నియమం పెట్టుకున్న పిల్లలు నోరు బాగా కాపాడుకున్నారు. చూడడానికి వెళ్ళిన ఆదివారం మార్కులు అడిగేముందు ఒకసారి పెదవి ఎత్తి చూడండి. ఔటింగ్ రోజులు డాక్టరు అపాయింట్‌మెంటుతో కుదిరేలా ముందే వార్డెన్‌తో మాట్లాడుకోండి. రెండు మూడు నెలలు డాక్టరు చూడని తీగ మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది.

ఫ్లోరైడు మంచిదా, చెడ్డదా?

ఈ ప్రశ్న నల్గొండ, ప్రకాశం జిల్లాల బంధువులున్నవారు తప్పక అడుగుతారు, అడగడంలో న్యాయం ఉంది. నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును మన దేశంలో మొట్టమొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే డాక్టర్లు గుర్తించి రాశారు. నల్గొండ జిల్లా పల్లెలు దానితో ఎంత బాధపడ్డాయో మనందరికీ తెలుసు. కానీ అది చిన్నప్పటి నుంచీ ఏళ్ళ తరబడి తాగిన నీటి వల్ల, లోపలి నుంచి వచ్చిన హాని. పేస్టు మింగేది కాదు. పంటికి పైనుంచి తగిలి, కరిగిన సున్నాన్ని తిరిగి పట్టి ఉంచడానికి తోడ్పడి, ఉమ్మితో బయటికి పోతుంది. క్లిప్పులున్నవారికి తెల్లమచ్చలు రాకుండా సాయపడే మందుల్లో ఇంట్లో దొరికేది ఇదే. బఠాణీ గింజంత పేస్టు చాలు, ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడవునా వేసుకోనక్కర్లేదు.

కొనేముందు ట్యూబు మీద చదవండి. మన దేశపు నియమాల ప్రకారం పేస్టులో ఫ్లోరైడు 1000 పీపీఎం మించకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద ముద్రించాలి. మూలికల పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడు ఉండదు. ఆ సంగతి తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు.

ఫ్లోరైడు నీళ్ళ ఊళ్ళో పెరిగి అప్పటికే పళ్ళ మీద గారమచ్చలున్నవారు ఆ మాట క్లిప్పులు వేయకముందే డాక్టరుకు చెప్పి, పళ్ళ ఫొటో తీయించుకోండి. అలాంటి పళ్ళకు క్లిప్పు గట్టిగా అంటుకోకపోవచ్చు. పైగా ఏ మచ్చ పాతదో ఏది కొత్తదో తర్వాత తగవు ఉండదు.

ఏం తినవచ్చు, ఏం తినకూడదు?

వేసిన మొదటి మూడు నుంచి ఐదు రోజులు పళ్ళు సలుపుతాయి. ఇడ్లీ, ఉప్మా, మెత్తని పప్పన్నం, పెరుగన్నం, జావ, అరటిపండు పెట్టండి. మరీ నొప్పిగా ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వవచ్చు.

క్లిప్పును పంటికి పట్టి ఉంచేది జిగురే, మేకు కాదు. గట్టివి కొరికితే ఊడుతుంది. చెరకు గడ, మొక్కజొన్న పొత్తు, పచ్చి జామకాయ, సకినాలు, చెక్కలు, పల్లీపట్టి, మటన్ బొక్క, మాగాయ టెంక, ఐస్ ముక్కలు, ఇవన్నీ క్లిప్పులున్నన్నాళ్ళూ పక్కన పెట్టాలి. జామ, ఆపిల్ ముక్కలుగా కోసుకుని వెనక పళ్ళతో తినవచ్చు. మొక్కజొన్న గింజలు ఒలిచి ఉడికించి తినవచ్చు. క్రిస్మస్‌కు మనం వండుకునే గులాబీ పువ్వులు కూడా కొరికితే గట్టివే. పాలలో నానబెట్టి ఇస్తే పిల్లలు ముఖం చిట్లిస్తారు గాని తింటారు. జీళ్ళు, చాక్లెట్లు, బబుల్‌గమ్ లాంటి జిగురువి మరీ చెడ్డవి. తీగను లాగుతాయి, వదలకుండా అంటుకుంటాయి.

తీపి ఎంత తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. ఒక లడ్డూ భోజనంతో పాటు తిని తోముకుంటే పెద్ద హాని లేదు. అదే నాలుగు చిన్న చాక్లెట్లు గంటకొకటి చొప్పున చప్పరిస్తే, లాలాజలం కోలుకునే లోపే మళ్ళీ ఆమ్లం తయారవుతుంది. కూల్ డ్రింకులు గుటక గుటకగా తాగుతూ కూర్చోవడం కూడా అంతే. తాగితే వెంటనే నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోమండి. రాత్రిపూట తాగే తియ్యని దగ్గు సిరప్ కూడా లెక్కలోకే వస్తుందని తల్లులు గుర్తుంచుకోవాలి.

మన వంటల్లో పసుపు తప్పదు. తెల్లని, పారదర్శకమైన రబ్బరు రింగులు రెండు భోజనాలకే పచ్చబడతాయి. పిల్లలు సిగ్గుపడి గట్టిగా రుద్దుతుంటారు. అది పాచి కాదు, రంగే. తదుపరి విజిట్‌లో రింగులు ఎలాగూ మారుస్తారు. బూడిద రంగువో, ముదురు రంగువో అడిగి వేయించుకుంటే సరి.

పుక్కిలించే మందులు

గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే తీగ గీసుకున్న పుండుకు హాయిగా ఉంటుంది. కానీ ఉప్పునీళ్ళు పాచిని కడగవు. క్లోర్‌హెక్సిడిన్ అనే మందు డాక్టరు రాస్తే రాసినన్ని రోజులే వాడండి. ఆపరేషనుకు ముందు చర్మం శుభ్రం చేయడానికి మేము వేరే రూపంలో వాడేది ఈ మందే. మంచిదే గాని వారాల తరబడి వాడితే పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుకకు రుచి తప్పుతుంది. పేస్టుతో తోమాక కనీసం అరగంట ఆగి వాడాలి. పాత సీసా మిగిలిందని అక్క మందు చెల్లికి ఇవ్వకండి. లవంగ నూనె నేరుగా చిగుళ్ళకు రాస్తే కాలి పుండు పడుతుంది.

ముందే చెప్పవలసినవి

మూర్ఛకు ఫెనిటాయిన్ వాడే పిల్లలకు ఆ మందు వల్లే చిగుళ్ళు పెరుగుతాయి, క్లిప్పులు తోడైతే మరీ ఎక్కువ. అలాగని మూర్ఛ మందు మీ అంతట మీరు ఆపకూడదు. ఇద్దరు డాక్టర్లకూ ఒకరి సంగతి ఒకరికి తెలియజేయండి. గుండె కవాటాల జబ్బు, కీళ్ళవాతం వల్ల గుండెకు వచ్చిన జబ్బు, పుట్టుకతో గుండెలో లోపం ఉన్నవారు, షుగర్ ఉన్నవారు క్లిప్పులకు ముందే ఆ కాగితాలు చూపించాలి. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి దురదపెట్టి రసి కారేవారు ఆ మాట కూడా చెప్పాలి. క్లిప్పుల తీగల్లో చాలావాటిలో నికెల్ ఉంటుంది.

పెళ్ళిచూపులు దగ్గరపడ్డాయని ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ ఆడపిల్లలను తీసుకొచ్చి ఆరు నెలల్లో తేల్చేయమనేవారు ఉన్నారు. చిగుళ్ళ జబ్బు ఉంటే ముందు అది తగ్గాలి. వాచిన చిగురు మీద పళ్ళను కదిపితే పంటిని పట్టి ఉంచే ఎముక పోతుంది. తొందర పెళ్ళివారిది, పళ్ళు మాత్రం ఆ అమ్మాయివి. గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం కూడా వద్దు. గార చాటున అప్పటికే వదులైన పన్ను గార తీశాక తెలుస్తుంది, అంతే. క్లిప్పులున్నప్పుడు ఆరు నెలలకోసారైనా శుభ్రం చేయించుకోవాలి.

తీగ గుచ్చుకుంటే, క్లిప్పు ఊడితే

తీగ చివర బుగ్గకు గుచ్చుకుంటుంటే, ఆ చోటును దూదితో తుడిచి ఆరబెట్టి, డాక్టరు ఇచ్చిన మైనం చిన్న ఉండ చేసి అద్దండి. కొవ్వొత్తి మైనం పనికిరాదు. తీగను గోళ్ళ కత్తెరతో కత్తిరించవద్దు, తెగిన ముక్క గొంతులోకి జారవచ్చు. ఊడిన క్లిప్పును పారేయక కాగితంలో పెట్టుకుని, ఫోన్ చేసి రండి. తర్వాతి నెల విజిట్ దాకా ఆగకండి. పొరపాటున మింగితే చాలావరకు విరేచనంలో పోతుంది. దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా వెంటనే క్యాజువాలిటీకి తీసుకురండి. రాత్రయినా సరే.

క్లిప్పులు తీశాక

పళ్ళు కొత్త చోట కుదురుకునేదాకా రిటైనర్ పెట్టుకోవాలి. లేకపోతే పాత చోటికే మెల్లగా జరుగుతాయి. ఎన్నాళ్ళు, ఎన్ని గంటలు అన్నది డాక్టరు చెప్పినట్టే చేయాలి. దాన్ని రోజూ మెత్తని బ్రష్షుతో, చల్లని నీళ్ళతో, కాస్త సబ్బుతో కడగండి. మరిగే నీళ్ళలో వేస్తే వంకరపోతుంది. పేస్టుతో తోమితే గీతలు పడి, ఆ గీతల్లో పాచి చేరుతుంది. తీసినప్పుడల్లా డబ్బాలోనే పెట్టాలి. పెళ్ళి భోజనాల్లో కాగితం రుమాల్లో చుట్టి ఆకు పక్కన పెట్టి, ఆకుతో పాటు పారేసుకున్నవారు మాకు ఒకరిద్దరు కాదు చాలామంది తెలుసు. ఇంట్లో కుక్క ఉంటే ఎత్తులో పెట్టండి, వాసనకు అది కొరికేస్తుంది. పోతే ఆ వారంలోనే వచ్చి కొత్తది చేయించుకోండి. వచ్చేటప్పుడు మీ బ్రష్షు కూడా వెంట తెచ్చుకోండి, ఎలా తోముతున్నారో మా నర్సుల ముందు ఒకసారి చేసి చూపిద్దురు గాని.